పడిపోతే ఉచితం

మన దగ్గర ముసలివాళ్లకు ఏ లోటూ లేదు. కాకపోతే పడిపోవాలి. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యమంటూ కేంద్రం 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌ను విస్తరించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉండనే ఉంది. ఆస్పత్రి మంచం ఎక్కితే కార్డు చూసుకుంటుంది. మంచం ఎక్కకుండా ఉండటానికి రోజూ మింగే బీపీ బిళ్ల మాత్రం సొంత ఖర్చు. ఆరోగ్యంగా ఉండాలనే విలాసాలకు ప్రజాధనం వెచ్చించడం ధర్మమా?

ప్రభుత్వ ఆస్పత్రిలో బీపీ, షుగరు మందులు ఊరికే ఇస్తారు కదా అంటారా? మోకాళ్లు సహకరించేవారికి ఊరికే.

మిగిలినవారి గణిత ప్రతిభను విజయవాడ సూర్యారావుపేటలో ఏ మందుల దుకాణం ముందైనా చూడవచ్చు. చీటీలో నెల రోజులకు రాసి ఉంటుంది. మొత్తం ఎంతో విన్నాక పెద్దాయన జేబు తడుముకుని, "షుగరువి పది రోజులకు ఇవ్వు బాబూ. బీపీవి ఏడు చాలు. గ్యాస్ బిళ్లలు వద్దులే, మజ్జిగ తాగుతాను" అంటారు. కుర్రవాడు కత్తెరతో అట్టను కత్తిరిస్తాడు. గడువు తేదీ ఉన్న ముక్క దుకాణంలోనే ఉండిపోతుంది. ఉంటే ఉండనివ్వండి. ఆ ఏడు బిళ్లలనూ ఆయన సగం సగం విరిచి పద్నాలుగు రోజులు లాగుతారు. ఇంత పొదుపు తెలిసినవారిని ఆర్థిక సంఘంలో వేయకపోవడం మనకే నష్టం.

ధరల నియంత్రణ పట్టికలో లేని మందుల ధరను కంపెనీలు ఏటా 10 శాతం వరకు పెంచుకోవచ్చు. నెలకు 4,000 రూపాయల వృద్ధాప్య పింఛనుకు అలాంటి దురలవాటు లేదు. కంపెనీ పేరుతో కాక మందు అసలు పేరుతో అమ్మే జనౌషధి కేంద్రంలో చవకే, కానీ చీటీలో ఉన్నది కంపెనీ పేరు. డాక్టర్లు ఆ అసలు పేర్లే, అంటే జనరిక్ పేర్లే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో గట్టిగా ఆదేశించింది. అదే నెలలో ఆ నిబంధనలను అంతే గట్టిగా పక్కన పెట్టింది.

కాబట్టి ఏలినవారికి ఒక మనవి. ప్రతి మందుల దుకాణం ముందూ ఒక మంచం వేయించండి. పెద్దలు దాని మీద పడుకుని బిళ్లలు కొనుక్కుంటే ఇన్‌పేషెంటు కింద లెక్క, కార్డు చెల్లుతుంది. మంచానికి అద్దె వేస్తే మాత్రం నా పూచీ లేదు.