ఆ డాల్ఫిన్ ఆట మాకు వద్దు

కోడంబాకంలోని ఒక ట్రావెల్స్ కార్యాలయం నుంచి ఇంటికి వచ్చి రెండు గంటలు దాటినా నా కోపం చల్లారలేదు. సెలవుల్లో పిల్లవాణ్ణి దుబాయ్ తీసుకువెళదామని వివరాలు అడగడానికి వెళ్ళాము. ప్యాకేజీలో మూడో రోజున డాల్ఫిన్ల ప్రదర్శన ఉంటే, దాన్ని తీసివేసి ఆ మేరకు ధర తగ్గించమని అడిగాను. "టికెట్టు అందులోనే కలిసిపోయిందమ్మా, మీరు చూసినా చూడకపోయినా కట్టవలసిందే" అన్నారాయన. పైగా గోడ మీది బొమ్మను చూపించి, "ఎంత చక్కగా నవ్వుతోందో చూడండి, దానికేం బాధ?" అన్నారు. నా తొమ్మిదేళ్ళ కొడుకు ఆ మాటకు తల ఊపాడు.

అదే నాకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది. డాల్ఫిన్ దవడ నిర్మాణమే అలా ఉంటుంది. జబ్బుపడినా, చివరికి చచ్చిపోయి ఒడ్డుకు కొట్టుకువచ్చినా ఆ ముఖం మారదు. తాను పంపిన శబ్దం దేనికి తగిలి తిరిగి వస్తుందో విని దారినీ చేపనూ పోల్చుకుంటూ, రోజుకు పదుల కిలోమీటర్లు ఈదగలిగే ప్రాణిని సిమెంటు తొట్టిలో పెడితే, దానికి తిరిగి వినిపించేది ఆ గోడలే. బాటిల్‌నోజ్ డాల్ఫిన్ పిల్ల కొన్నేళ్ళపాటు తల్లిని అంటిపెట్టుకునే ఉంటుంది. జపాన్‌లోని తైజీలో మాత్రం ఏటా సెప్టెంబరు మొదలుకొని, పడవల మీది నుంచి ఇనుప గొట్టాలు మోగించి మందలకు మందలను తీరానికి తరిమి, ప్రదర్శనలకు పనికివచ్చేవాటిని ఏరి అమ్ముతారు, మిగిలినవాటిలో ఎన్నిటినో చంపుతారు. ప్రతి తొట్టిలోని డాల్ఫినూ అక్కడిదేనని నేను అనడం లేదు. కానీ ప్రాణంతో ఉన్న డాల్ఫిన్‌కు అంత ధర పలుకుతున్నదంటే, టికెట్టు కొనే మనలాంటి కుటుంబాలు ఉన్నందువల్లనే.

చెన్నైలో కూర్చుని "దానికేం బాధ" అని ఎలా అనగలిగారో నాకు అర్థం కావడం లేదు. 1998లో ఈ ఊరికే బల్గేరియా నుంచి డాల్ఫిన్లను తెప్పించారు. అప్పుడు నేను ఆరో తరగతి. తీసుకువెళతానని నాన్న మాట ఇచ్చారు, మేము వెళ్ళేలోగానే, వచ్చిన కొద్ది నెలలకే, అవి చనిపోయాయి. చూడలేకపోయానని ఆ రాత్రి ఎంతో ఏడ్చాను. చచ్చిపోయినవాటి కోసం ఒక్క కన్నీటి చుక్క కూడా రాలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. వాటి గురించి నాకు ఒక్క మాట చెప్పిన పెద్దవారు లేరు. బడిలోనూ లేరు, ఇంట్లోనూ లేరు.

2013 మే నెలలో కేంద్ర పర్యావరణ శాఖ దేశంలో ఎక్కడా డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వరాదని రాష్ట్రాలకు స్పష్టంగా తెలియజేసింది. మన గడ్డ మీద వద్దనుకున్నదాన్ని విమానమెక్కి వెళ్ళి, పిల్లల చేత చప్పట్లు కొట్టించడం ఏం న్యాయం?

అడ్వాన్సు కట్టకుండానే లేచి వచ్చేశాము. దారిలో పిల్లవాడు "మరి అది నవ్వకపోతే ఏం చేస్తోందమ్మా?" అని అడిగాడు. వడపళని సిగ్నల్ దగ్గర ఆగినంతసేపూ వాడికి తైజీ సంగతి ఎంతవరకు చెప్పాలో తెలియక, దవడ గురించి, తల్లి గురించి చెప్పాను. ఈ సెలవులకు మీలో ఎవరైనా ప్యాకేజీ తీసుకుంటుంటే, డబ్బు కట్టే ముందు అందులో డాల్ఫిన్ ఆట ఉందేమో దయచేసి అడగండి. ఉంటే, ఎందుకు వద్దంటున్నారో వారి ముఖం మీదే చెప్పి రండి.