‘వీలైనంత త్వరగా’ అంటే ఎప్పుడు?

శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరు ఎన్నాళ్లు దగ్గర పెట్టుకోవచ్చు? సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2025 నవంబరు 20న చెప్పిన జవాబు ఇది: గడువు పెట్టలేం, అలాగని ఎల్లకాలం తొక్కిపెట్టడమూ కుదరదు. తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తులు అదే ఏడాది ఏప్రిల్ 8న గీసిన గడువు గీతలు చెరిగిపోయాయి. రాజ్యాంగంలో లేని తేదీలను కోర్టు రాయకూడదన్న వాదనను కొట్టిపారేయలేం. కానీ రాజ్యాంగంలో ఉన్న మాట సంగతేమిటి?

బిల్లును తిప్పిపంపదలిస్తే ‘వీలైనంత త్వరగా’ పంపాలంటోంది రాజ్యాంగం 200వ అధికరణ. ఆ మాటకు గట్టి అర్థం ఉందని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే గుర్తుచేసింది, అదీ తెలంగాణ వేసిన పిటిషన్‌లోనే. పది బిల్లులు రాజ్‌భవన్‌లో మూలుగుతుంటే సర్కారు సుప్రీంకోర్టు గడప తొక్కింది. కేసు పడ్డాకే దస్త్రాలు కదిలాయి.

ఇక ముందూ ఇదే తంతు. కారణం చెప్పకుండా సుదీర్ఘకాలం జాప్యం చేస్తే కోర్టుకు రావచ్చునట. సుదీర్ఘమంటే ఎంత? కేంద్ర, రాష్ట్ర సంబంధాలపై వేసిన పూంఛీ కమిషన్ 2010లో ఆరు నెలలంది. తమిళనాడు బిల్లుల్లో కొన్ని 2020 జనవరి నాటివి. ప్రతి బిల్లుకూ ఒక కేసు, ప్రతి కేసుకూ ఒక వాయిదా... ఈలోగా సభ కాలం తీరిపోతుంది.

రాష్ట్రపతికీ గడువు లేదన్నారు. తెలంగాణ 42 శాతం బీసీ రిజర్వేషన్ల బిల్లులు 2025 మార్చిలో సభ దాటి ఢిల్లీ చేరాయి. ఈ తీర్పు నాటికి ఔనన్నదీ లేదు, కాదన్నదీ లేదు. మహిళలపై నేరాలకు కఠిన శిక్షల కోసం తెచ్చిన 2019 డిసెంబరు నాటి ఆంధ్రప్రదేశ్ దిశ బిల్లు అలా వెళ్లి చట్టమై తిరిగిరాలేదు. అవి మంచివా చెడ్డవా అన్నది వేరే పంచాయితీ. కాదనుకుంటే కాదని చెప్పాలి. చెప్పకుండా కూర్చోవడాన్ని ఏ ఓటరూ నిలదీయలేడు.

1984 ఆగస్టులో గవర్నరు రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను గద్దె దించినప్పుడు ఢిల్లీలో ఉన్నది కాంగ్రెస్. ఇవాళ గవర్నర్ల మీద గొంతు చించుకుంటున్నదీ ఆ పార్టీయే. ఆనాడు ఎన్టీఆర్‌కు బాసటగా నిలిచిన బీజేపీ ఇవాళ గవర్నర్లను వెనకేసుకొస్తోంది. ఆ గాయం తిన్న తెలుగుదేశం కేంద్రంలో భాగస్వామి. అధికరణలో ఒక్క వాక్యం చేరిస్తే గడువు వస్తుంది. అది పార్లమెంటు పని, కోర్టుది కాదు. ముందు ఆ వాక్యం రాసుకుని సభకు రండి, రాష్ట్రాల హక్కుల మీద ఉపన్యాసాలు తర్వాత వింటాం.