పొంగని పూరీ మీద విచారణ

భూమ్మీద ఏ మూల పిండిముద్ద నూనెలో పడినా అది మన పూరీయేనని తీర్పు చెప్పే అధికారం మనవాళ్లకు ఎవరిచ్చారో గానీ, ధారాళంగా ఇచ్చారు. ఆ అధికారంతోనే పోయిన ఆదివారం మా బావగారు కరీబియన్ దీవుల్లోని డొమినికన్ రిపబ్లిక్‌ను స్వాధీనం చేసుకున్నారు. యుద్ధం మా వంటింట్లోనే జరిగింది.

ఆయన ఫోనులో యానికేకే వీడియో చూశారు. ఆ దేశ రాజధాని సాంటో డొమింగోకు తూర్పున బోకా చికా సముద్రతీరంలో, వేయించిన చేపల పక్కన అమ్మే పళ్లెమంత వంటకం అది. మైదా, ఉప్పు, బేకింగ్ పౌడర్, కాస్త వెన్న, నీళ్లు కలిపి నాననిచ్చి, పల్చగా వత్తి, నడుమ గాట్లు పెట్టి, కాగిన నూనెలో వేస్తారు. గాట్లలోంచి ఆవిరి పోవాలి. అది పొంగకూడదు, కరకరలాడాలి. సరిగ్గా ఈ ముక్క దగ్గరే బావగారు వీడియోను ముందుకు జరిపేశారు. "పూరీ సంగతి వీళ్లు నాకు చెప్పాలా బావా?" అన్నారు.

మొదటిది మూకుడులో పడింది. పొంగలేదు. చిల్లుల గరిటెతో నెమ్మదిగా అదిమారు, బుజ్జగించారు, చివరికి గద్దించారు. గాట్లలోంచి బుడగలు వచ్చాయి తప్ప పూరీ రాలేదు. తప్పు పిండిదన్నారు. రెండోదానికి నూనెదన్నారు. మూడోదానికి, పీట దగ్గర కూర్చున్న మా అక్కదన్నారు. తెనాలిలో ఉన్న వాళ్లమ్మగారికి ఫోను వెళ్లింది. "బొంబాయి రవ్వ వేశావా నాయనా?" అని ఆవిడ అడిగారు. నాలుగోదానికి ఆయన తడి మైదాతో గాట్లన్నీ పూడ్చారు, పుండుకు పట్టీ వేసినంత శ్రద్ధగా. అది బుస్సున పొంగింది! ఇంటిల్లిపాదీ చప్పట్లు. ఫొటో తీసి, కింద 'డొమినికన్ పూరీ' అని రాసి, బంధువులందరికీ పంపారు. బంగాళాదుంప కూరతో విందు జరిగింది. పాడైపోయాయని పక్కన పడేసిన ఆ మూడూ నేను మూల కూర్చుని తిన్నాను. ఆ రోజు మా ఇంట్లో తయారైన యానికేకేలు ఆ మూడే.



యానికేకే అంటే స్పానిష్ నోట నలిగిన 'జానీ కేక్'. పందొమ్మిదో శతాబ్దం చివర సెయింట్ కిట్స్, నెవిస్, టోర్టోలా వంటి ఇంగ్లీషు దీవుల నుంచి డొమినికన్ రిపబ్లిక్‌లోని సాన్ పెద్రో దె మకోరీస్ చెరకు తోటలకు కూలికి వచ్చిన నల్లవాళ్ల రొట్టె. వాళ్లను స్థానికులు 'కొకోలో' అని ఎగతాళి చేశారు. రొట్టెను మాత్రం లొట్టలేసుకుంటూ తిన్నారు. 2005లో వాళ్ల నృత్యనాటకాన్ని యునెస్కో మానవాళి వారసత్వం అంది. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు, 2013లో, అదే దేశపు రాజ్యాంగ న్యాయస్థానం ఏం చేసింది? సరైన కాగితాలు లేని విదేశీయులకు 1929 నుంచి ఆ గడ్డ మీద పుట్టిన పిల్లలు పౌరులు కారంది. వాళ్లలో అత్యధికులు పక్క దేశం హైతీ నుంచి చెరకు నరకడానికి వచ్చినవారి పిల్లలు, మనవలు. చెరకు మనది, చక్కెర మనది, ఆ చక్కెర మీద వచ్చిన డబ్బు మనది. నరికినవాడి మనవడు మాత్రం ఎవడో! అనడానికి వాళ్లకు సిగ్గు లేదూ? కోరంగి రేవులో ఓడెక్కి మారిషస్ చెరకు తోటల్లో దిగినవారి జాతి మనది. ఈ కథ మనకు ఒకరు విప్పి చెప్పాలా? అందులో మన కంటికి ఆనింది పూరీ ఒక్కటి.

ఇదంతా బావగారికి చెప్పాను. చెయ్యి కడుక్కుంటూ ఓపిగ్గానే విన్నారు.

"అది సరే గానీ బావా, వచ్చే ఆదివారం కీపే చేద్దాం. అదీ వాళ్లదేనట. నానబెట్టిన గోధుమరవ్వ, లోపల కూరినది, నూనెలో వేయించడం. అచ్చం మన పూర్ణం బూరె!"

లోపల కూరేది గొడ్డు మాంసం. వీడియోలో ఆ ముక్క కూడా ముందుకు జరిపేసి ఉంటారు.