రేవు బోర్డు మారింది, పంటు ఆగిపోయింది

మా బావమరిది అంబాజీపేటలో కొబ్బరికాయల కమీషన్ కొట్టు నడుపుతాడు. కొట్టులో లినక్స్ కంప్యూటర్. ఒక రాత్రి అతనికి సొంత గడ్డ మీద ప్రేమ పొంగి, సిస్టమ్ ఉండే రూట్ డిస్కుకున్న చప్పిడి పేరు, అంటే లేబుల్, తీసేసి ‘కోనసీమ’ అని పెట్టాలనుకున్నాడు. తెలుగు లిపిలో ఆ మాటకు 18 బైట్లు కావాలి. డిస్కులో ఫైళ్లను సర్దే ఈఎక్స్‌టీ4 పద్ధతి లేబుల్‌కు ఇచ్చిన జాగా 16. మన సీమ అందులో పట్టదు కనుక ఇంగ్లీషు అక్షరాలతో సరిపెట్టుకున్నాడు. ఈటూలేబుల్ ఆజ్ఞ ఇవ్వగానే యంత్రం కిమ్మనకుండా పేరు మార్చింది. ఆ వినయం చూసినప్పుడే అనుమానించవలసింది.

మర్నాడు మీట నొక్కితే నల్లటి తెర. ఫలానా లేబుల్ ఎక్కడా లేదంటూ ఇంగ్లీషులో ఒక వాక్యం, కింద మిణుకుమంటూ ఒక గీత. డిస్కు ఎక్కడికీ పోలేదు. దాని మీద పేరు మారింది, మీట నొక్కగానే సిస్టమ్‌ను లేపే గ్రబ్ చేతిలోని చీటీలో మారలేదు, అంతే.

ఈ తెలివిని సఖినేటిపల్లి రేవులో పంటు నడిపే సరంగుకు అప్పగించి చూడండి. అవతల నరసాపురం ఒడ్డున రాత్రికి రాత్రి ఎవరో బోర్డు మీద కొత్త పేరు రాశారు. తెల్లవారి పంటు బయలుదేరింది. మోటారు సైకిళ్లు, అరటి గెలలు, పెళ్లివారు, ఒక మేక. వశిష్ఠ సగం దాటాక సరంగు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టి చూసి, “నరసాపురం లేదు” అన్నాడు. ఎదురుగా రేవు ఉంది. రేవులో టీ కొట్టు ఉంది. టీ కొట్టు ముందు సరంగు సొంత తమ్ముడు తువ్వాలు ఊపుతున్నాడు. “బోర్డు చూడండి, అది వేరే ఊరు.” ముహూర్తం దాటిపోతోందని పెళ్లికొడుకు తండ్రి బతిమాలాడు. మేక కూడా అరిచింది. సరంగు ఇంజను ఆపేసి, “ఇక మీకు తోచిన ఆజ్ఞ ఇచ్చుకోండి” అని చుట్ట వెలిగించాడు.

రైల్వేవారు ఇంతకంటే నయం. 2015లో రాజమండ్రి రాజమహేంద్రవరం అయింది, స్టేషన్ కోడ్ మాత్రం ఆర్‌జేవైగానే ఉంది. గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఏ రాత్రీ గోదావరి బ్రిడ్జి మీద ఆగి ఊరు మాయమైందని ఏడవలేదు. డిస్కుకూ అటువంటి కోడ్ ఉంది, యూయూఐడీ. 36 అక్షరాల చాంతాడు, కానీ లేబుల్ మార్చినా అది మారదు. చీటీలో దాన్ని రాసి ఉంటే ఈ గొడవే లేదు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. బావమరిది కంప్యూటర్‌ను బాగుచేసే కొట్టుకు మోసుకువెళ్లాడు. “సిస్టమ్ పోయిందండీ, ఫార్మాట్ కొట్టాలి” అన్నారు. కొట్టేశారు. గ్రబ్ తెర మీద ‘ఈ’ అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుసలో ఒక్క పేరు దిద్దితే తెరుచుకునే యంత్రం అది! ఆ తర్వాత గ్రబ్‌లోనూ, ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌టాబ్‌లోనూ ఆ పేరే దిద్దుకుంటే సరిపోయేది. 1996 నవంబరు తుపాను తర్వాత, కూలిన కొబ్బరి చెట్ల మధ్య మా మామగారు పంచె ఎగగట్టి నిలబడిన ఫొటో అందులోనే ఉంది. అసలు కాగితం చెదలు తిన్నాయి. తుపాను వదిలిపెట్టిన మనిషిని మీరు తుడిచేశారు. లోపల ఏముందని అడగడానికి నోరు రాలేదా? పేరు మార్చేటప్పుడు “చీటీలో కూడా దిద్దండి” అని ఒక్క ముక్క చెప్పడానికి ఆ యంత్రానికి ఏం రోగం?

సిస్టమ్ కొత్తగా ఎక్కిస్తూ ఆ కొట్టు కుర్రవాడు ఎంతో మర్యాదగా అడిగాడట: “డిస్కుకు ఏం పేరు పెట్టమంటారండీ?”