ఇండస్ట్రీ ప్లాంటా? ఏ నర్సరీలో కొన్నారో కూడా చెప్పండి మరి

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు నాలుగుసార్లు వచ్చింది. మొదట కాలేజీ గ్రూపులో, తర్వాత మా బావ దగ్గర్నుంచి, "నువ్వు తెగ వింటావుగా వీళ్ళని, చూడు అసలు కథ" అని పళ్ళికిలించే బొమ్మతో సహా. మూడోసారి ఎవరో గుర్తులేదు. నాలుగోసారి పంపినవాడు మొదటిసారి పంపినవాడే, తను పంపిన సంగతి తనే మర్చిపోయాడు. పైన మూడు ఎర్ర సైరన్లు, కింద "ద లాస్ట్ డిన్నర్ పార్టీ: లేబుల్ తయారు చేసిన బొమ్మలు! ఆరు నిజాలు" అని హెడ్డింగు. ఐదుగురున్న లండన్ రాక్ బ్యాండ్ వీళ్ళు. లేబుల్ అంటే రికార్డు కంపెనీ; అది తెరవెనక తయారుచేసి, సొంతంగా పైకొచ్చినట్టు చూపించే బ్యాండ్‌ని "ఇండస్ట్రీ ప్లాంట్" అంటారు, నాటిన మొక్క అన్నమాట. చదవనివాళ్ళ కోసం ఆ ఆరూ ఇవి. ఒక్క పాట కూడా విడుదల కాకుండా రోలింగ్ స్టోన్స్ షోలో ఛాన్స్ వచ్చింది. పాట లేకుండానే పెద్ద లేబుల్ సంతకం పెట్టించుకుంది. పాటలు రాసేది వాళ్ళు కాదు, వెనకాల మగవాళ్ళెవరో ఉన్నారు. బట్టలు కంపెనీ ఇచ్చినవి. అవార్డులు కొన్నవి. ఆల్బమ్ నంబర్ వన్ అయింది బాట్ల వల్ల, అంటే మనుషుల బదులు పాటల్ని ప్లే చేసే ప్రోగ్రాముల వల్ల. చివర్లో "నిజమైన సంగీతాన్ని కాపాడుకుందాం, పది మందికి పంపండి" అని విన్నపం. మనవాళ్ళు పది మందికి కాదు, ముప్ఫై మందికి పంపారు.

సరే, బట్టలతో మొదలుపెడతా, తొందరగా అయిపోతుంది. కార్సెట్లు, పొడుగు గౌన్లు, లేసులు వేసుకుంటారు. వేసుకోనివ్వండి. షోకి వచ్చేవాళ్ళకి కూడా ఒక థీమ్ చెప్పి అలా తయారై రమ్మంటారు, జనం సరదాపడి వస్తారు. ఇంగ్లండ్‌లో బ్యాండ్లు వేషాలు వేసుకోవడం ఈ అమ్మాయిలతో మొదలైందని అనుకునేవాళ్ళకి పాత తరం రాక్ స్టార్ డేవిడ్ బోవీ ఫొటో ఒకటి పంపితే చాలు.

రోలింగ్ స్టోన్స్ సంగతి. 2022 జులై 3న లండన్ హైడ్ పార్క్‌లో జరిగిన షో అది. వీళ్ళు ఆడింది నిజమే. కానీ "స్టోన్స్‌కి ఓపెనింగ్" అనగానే స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ వీళ్ళ భుజం మీద చెయ్యేసి స్టేజీ మీదకి తీసుకొచ్చినట్టు ఊహించుకుంటున్నారు. అది రోజంతా సాగే మేళా, పెద్ద పేరు రాత్రికి వస్తుంది, అప్పటిదాకా చిన్నా పెద్దా బ్యాండ్లు చాలా వచ్చి వెళ్తాయి. మన దగ్గర పెద్ద హీరో ఆడియో ఫంక్షన్‌లో, హీరో కారు ఇంకా ఇంట్లోంచి బయల్దేరకముందే ఓ పాట పాడి దిగిపోయిన పిల్లల్ని పట్టుకుని "హీరో పక్కన నటించారు" అన్నట్టుంది.

ఇక ఆ రెండో పాయింటు. "ఒక్క పాట కూడా లేకుండా" అనే మాట దగ్గరే నాకు మండుతుంది. మెసేజ్ రాసినాయన దృష్టిలో బ్యాండ్ పుట్టిన తేదీ అంటే స్పాటిఫైలో పాట కనిపించిన తేదీ. వీళ్ళ మొదటి సింగిల్, అంటే విడిగా వదిలిన పాట, 'నథింగ్ మ్యాటర్స్' వచ్చింది 2023 ఏప్రిల్‌లో. మొదటి షో 2021 నవంబర్లో, తూర్పు లండన్‌లో జార్జ్ టావెర్న్ అనే పబ్బులో. మధ్యలో పదిహేడు నెలలున్నాయి. ఆ పదిహేడు నెలలూ ఏం చేశారంటే ఊరి పబ్బులన్నిట్లో వాయించారు, ముఖ్యంగా బ్రిక్స్‌టన్‌లోని విండ్‌మిల్‌లో. పేరు చూసి పెద్ద థియేటర్ అనుకునేరు, నూటయాభై మంది పడితే గొప్ప, ఒకప్పుడు పైకప్పు మీద కుక్క తిరిగే పబ్బు అది. స్క్విడ్, బ్లాక్ మిడి, షేమ్, ఇలా గత పదేళ్ళలో లండన్ నుంచి పైకొచ్చిన గిటార్ బ్యాండ్లలో సగం అక్కడ చెమటలు కార్చినవే. అక్కడి షోలని కెమెరాతో తీసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్ళున్నారు. పాట విడుదల కాకముందే వీళ్ళ పాటల్ని జనం అలా విన్నారు, మేనేజర్లు విన్నారు, లేబుల్స్ వాళ్ళు విన్నారు. కొత్త బ్యాండ్ల కోసం సాయంత్రంపూట పబ్బుల వెంట తిరగడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ళు లేబుళ్ళలో ఉంటారు, ఏ అండ్ ఆర్ అంటారు ఆ శాఖని. వాళ్ళు బ్యాండుని చూసి ఐలాండ్ రికార్డ్స్ అనే లేబుల్‌కి తెచ్చుకోవడం కుట్ర అయితే, మా వీధి చివర బజ్జీల బండి బాగుందని హోటలాయన ఆ వంటమనిషిని పనిలోకి పిలవడం కూడా కుట్రే.

బ్యాండ్ వాళ్ళు కావాలనే రికార్డింగ్‌ని ఆలస్యం చేశారు, ముందు స్టేజీ మీద సరిగ్గా రావాలని. బ్యాండ్ పెడదామని లాక్‌డౌన్ రోజుల్లోనే అనుకున్నా షోలు లేవు కాబట్టి ఆగాల్సి వచ్చింది. అది అన్నిటికంటే పాత పద్ధతి, మా నాన్న తరం రాక్ అభిమానులు "ఇప్పటి పిల్లలు లైవ్ వాయించలేరు" అని తిట్టేది సరిగ్గా ఈ పద్ధతి పోయిందనే. తీరా అలా చేసిన పిల్లలొస్తే, "పాటే లేదు, ఎలా ఫేమస్ అయ్యారు?" అంటారు!

ఇప్పుడు మూడోది. అసలు ఇది రాయడానికి కూర్చున్నది దీనికోసమే, మిగతావి వదిలేసినా ఇది వదలను.

"పాటలు రాసేది వాళ్ళు కాదు, వెనక మగవాళ్ళెవరో ఉన్నారు." ఎవరయ్యా ఆ మగవాళ్ళు? మెసేజ్‌లో ఒక్క పేరు లేదు. నేను బావని అడిగా. "ప్రొడ్యూసర్ ఉంటాడుగా" అన్నాడు. ఉన్నాడు, జేమ్స్ ఫోర్డ్. ఇక్కడ ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడు కాదు, రికార్డింగ్‌ని దగ్గరుండి నడిపించేవాడు. ఆయన ఆర్కిటిక్ మంకీస్ అనే షెఫీల్డ్ మగపిల్లల బ్యాండ్‌కి ఏళ్ళ తరబడి ప్రొడ్యూసర్. ఆ కుర్రాళ్ళ పాటలు ఫోర్డే రాశాడని ఇన్నేళ్ళలో ఒక్క మెసేజ్ వచ్చిందా మీకు? నాకు రాలేదు. డెపెష్ మోడ్‌కీ ఆయన పనిచేశాడు, అప్పుడూ రాలేదు. అదే మనిషి అదే కుర్చీలో కూర్చుని ఐదుగురిలో ఒక్క మగాడూ లేని బ్యాండ్ ఆల్బమ్ చేసేసరికి పాటలన్నీ రాత్రికి రాత్రి ఆయనవైపోయాయి.

సరే, ఆల్బమ్ లోపలికి పోదాం. 'ప్రెల్యూడ్ టు ఎక్‌స్టసీ', 2024 ఫిబ్రవరి 2న వచ్చింది. పన్నెండు ట్రాకులు. మొదటిదాంట్లో అసలు పాడటమే లేదు, ఆర్కెస్ట్రా మాత్రమే, సినిమా మొదలయ్యే ముందు తెర లేస్తున్నట్టుంటుంది. అది కూర్చింది బ్యాండ్‌లో కీబోర్డ్ వాయించే అరోరా నిషెవ్‌చి. ఎక్కడో ఆఫీసులో కూర్చుని హిట్లు తయారుచేసే కంపెనీ ఏదైనా కొత్త బ్యాండ్ మొదటి ఆల్బమ్‌ని మాటల్లేని ఆర్కెస్ట్రాతో మొదలుపెడుతుందా? హిట్ పాట 'నథింగ్ మ్యాటర్స్' ఎక్కడుందో చూడండి, పదకొండో ట్రాకు. జనం రెండు పాటలు వినగానే పక్కకి పోయే రోజుల్లో హిట్‌ని పదకొండో నంబర్లో పెట్టారు! పైగా ఆ పాట పల్లవిలోనే బూతుంది, రేడియోలో వేయాలంటే ఆ ముక్క మార్చాల్సిందే. లక్షలు పోసి నాటిన మొక్కకి మొదటి పాటలోనే రేడియో వేయలేని పల్లవి రాసిపెట్టిన ఆ అదృశ్య మేధావి ఎవరో, అతన్ని ముందు ఉద్యోగంలోంచి తీసేయాలి.

ఏడో ట్రాకు 'జుహా'. అల్బేనియన్ మాట అది, నాలుక అనీ భాష అనీ అర్థం. అరోరా కుటుంబం కొసావో అల్బేనియన్లది. తన అమ్మభాష తనకి సరిగ్గా రాదన్న సిగ్గు గురించి ఆ పాట. చిన్న పాట, బ్యాండ్ అంతా కలిసి గొంతు కలుపుతారు. మా అక్క కూతురు డల్లాస్‌లో పుట్టింది, అమ్మమ్మ ఫోన్ చేస్తే "బాగున్నావా" దగ్గర మాట ఆగిపోయి ఫోన్ వాళ్ళమ్మకి ఇచ్చేస్తుంది. ఆ పిల్ల ముఖంలో ఒక్క క్షణం కనిపించేది ఏదో ఈ పాటలో ఉంది, అందుకే నేను ఆల్బమ్‌లో దీన్నే ఎక్కువసార్లు విన్నా. ఏ మార్కెటింగ్ వాడు చెప్పాడంటారు, "ఇంగ్లండ్ కుర్రకారుకి అల్బేనియన్ భాష రాని బాధ గురించి ఓ పాట పెట్టండి, బాగా అమ్ముడుపోతుంది" అని?

గిటార్ సంగతి కూడా చెప్పాలి. ఎమిలీ రాబర్ట్స్ ఆ సోలోలు వాయిస్తుంటే వీడియోలో వేళ్ళు కనిపిస్తూనే ఉంటాయి. ఫ్లూటూ, మాండొలినూ కూడా ఆమెవే. ఒక తమ్ముడు గ్రూపులో "డబ్బింగ్ అయ్యుండొచ్చు" అన్నాడు. నాయనా, పబ్బులో ఎవరో చేత్తో పట్టుకుని తీసిన వీడియోలో డబ్బింగ్ ఎవరు చేస్తారు, పక్కన బీరు గ్లాసు పట్టుకున్నాయనా?

ఇది వీళ్ళతోనే మొదలవలేదు. వెట్ లెగ్‌ని కూడా ప్లాంట్ అన్నారు, ఇద్దరు అమ్మాయిలు పెట్టుకున్న బ్యాండ్. 2023 వేసవిలో పిక్చర్ పార్లర్‌ని అన్నారు, ముందు నిలబడి పాడేది అమ్మాయే. అమ్మాయిలు చప్పున పైకొస్తే "ఎవరో నాటారు", అబ్బాయిలు చప్పున పైకొస్తే "కష్టపడ్డారు, టాలెంట్". దీని వల్ల నష్టం ఈ ఐదుగురికి పెద్దగా లేదు, వాళ్ళ షోలకి టికెట్లు అమ్ముడవుతాయి. మన గ్రూపులోనే గిటార్ నేర్చుకుంటున్న ఇంటర్ పిల్ల ఒకతి ఉంది. నాలుగుసార్లు వచ్చిన ఆ మెసేజ్ ఆమె కూడా నాలుగుసార్లు చదివింది. దానికి జవాబుగా ఏమీ రాయలేదు, అది నేను గమనించా.

అవార్డులు. బ్రిటన్ సంగీత అవార్డులు బ్రిట్స్ వాళ్ళ రైజింగ్ స్టార్, బీబీసీ సౌండ్ ఆఫ్ 2024, రెండూ వచ్చాయి. కొన్నారనడానికి ఆధారం లేదు. కానీ ఇక్కడ కొంచెం తగ్గుతా. ఈ రెండూ సంగీత పరిశ్రమలో ఉన్నవాళ్ళు "రేపు వీళ్ళు పెద్దవాళ్ళవుతారు" అని ఓటేసి చెప్పే జోస్యాలు. అందరూ కలిసి జోస్యం చెబితే రేడియో వాయిస్తుంది, పత్రికలు రాస్తాయి, జోస్యం నిజమవుతుంది. గాయని అడెల్‌కీ అలాగే వచ్చింది రైజింగ్ స్టార్, అప్పట్లో దాని పేరు వేరు. కాబట్టి "ఇండస్ట్రీ తోసింది" అంటే, సంతకం అయ్యాక తోసింది, నిజం. డబ్బు పెట్టినవాడు తోయక ఏం చేస్తాడు? తోయడం వేరు, తయారు చేయడం వేరు.

బాట్లు. నంబర్ వన్ అయింది ఆల్బమ్, ఇంగ్లండ్‌లో మొదటి వారం ఆల్బమ్ చార్టుని నడిపించేది ఎక్కువగా వినైల్ (గ్రామఫోన్ రికార్డులు), సీడీ అమ్మకాలే, బాట్లు దుకాణానికెళ్ళి వినైల్ కొనుక్కోవు. రంగురంగుల వినైల్ వేసి ఒకే అభిమానితో మూడు కొనిపించడం ఉంది, అందరూ చేస్తారు, నాకు నచ్చదు, తిట్టాలంటే దాన్ని తిట్టండి. స్ట్రీమింగ్ ఎక్కువగా లెక్కలోకొచ్చే సింగిల్స్ చార్టులో 'నథింగ్ మ్యాటర్స్' 16వ స్థానం దాటలేదు. ఏం బాట్లండీ అవి, పదహారుకే అలిసిపోయాయా?

ఇప్పుడు బావకి నచ్చే మాట ఒకటి చెప్తా. ఆ మెసేజ్ రాసినవాడికి చేతకాని ప్రశ్న ఒకటుంది, దానికి నా దగ్గర కూడా తప్పించుకునే జవాబు లేదు. పాడే అమ్మాయి ఆబిగైల్ మోరిస్ చదివింది బెడేల్స్‌లో, ఖరీదైన బోర్డింగ్ స్కూల్. బ్యాండులో ముగ్గురు కలిసింది లండన్ కింగ్స్ కాలేజీలో. లండన్‌లో ఉంటూ, పదిహేడు నెలలు పాట అమ్మకుండా పబ్బుల్లో వాయిస్తూ, రిహార్సల్ గదికి అద్దె కడుతూ ఉండటం అందరికీ కుదరదు. మర్నాడు పొద్దున షిఫ్టు ఉన్నవాడు అర్ధరాత్రి దాకా విండ్‌మిల్‌లో ఉండలేడు. నిజం, ఒప్పుకుంటున్నా. అయితే మగవాళ్ళ బ్యాండ్లు చూడండి, జెనెసిస్ పుట్టింది చార్టర్‌హౌస్ స్కూల్లో, రేడియోహెడ్ పుట్టింది అబింగ్డన్ స్కూల్లో, రెండూ ఫీజులు కట్టే స్కూళ్ళే. వాళ్ళని ప్లాంట్ అని ఎవరైనా అనగా విన్నారా? ఇంట్లో డబ్బుండటం వేరు, లేబుల్ బొమ్మ కావడం వేరు. మొదటిది నిజమైన సమస్య, దాని మీద మెసేజ్ రాస్తే నేనే ముప్ఫై మందికి పంపుతా.

రాయాలంటే సరుకు కూడా ఉంది. బ్రిటన్‌లో ఒక్క 2023లోనే 125 చిన్న వేదికల్లో లైవ్ సంగీతం ఆగిపోయిందని, చిన్న వేదికల కోసం పనిచేసే మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ లెక్క. అలాంటి పబ్బులు పోతే మిగిలేది డబ్బున్నవాళ్ళ పిల్లలే, వాళ్ళు ఎలాగోలా వాయించుకుంటారు. 2025 బ్రిట్స్‌లో బెస్ట్ న్యూ ఆర్టిస్ట్ తీసుకున్నప్పుడు బాస్ వాయించే జార్జియా డేవీస్ మైకు ముందు మాట్లాడింది కూడా ఈ చిన్న వేదికల గురించే. లేబుల్ బొమ్మ అయితే లేబుల్‌కి థాంక్స్ చెప్పి దిగిపోయేది కదా.

ఇంకో సంగతి, 2024 చివర్లో ఇంగ్లండ్‌లో మిగిలిన షోలు రద్దు చేసుకున్నారు, ఒళ్ళూ మనసూ అలిసిపోయాయని చెప్పి. అప్పుడు అదే గ్రూపులో "నాటకం" అన్నారు కొందరు. బొమ్మలంటారు, బొమ్మలు అలిసిపోతే నాటకం అంటారు, ఏదో ఒకటి తేల్చుకోండి.

2025 అక్టోబర్లో రెండో ఆల్బమ్ 'ఫ్రమ్ ద పైర్' వచ్చింది. నిజం చెప్పాలంటే నాకు మొదటిదంత ఎక్కలేదు, కొన్ని పాటలు మరీ సాగదీసినట్టు అనిపించాయి. ఈ మాట గ్రూపులో పెడితే "చూశావా, మేం చెప్పలేదూ" అని పదిమంది వచ్చారు. ఏ పాట సాగిందో చెప్పండి అన్నా. చెప్పింది ఒక్కరే, ఆ ఇంటర్ పిల్ల. పాట పేరూ చెప్పింది, ఎక్కడ కత్తిరించాలో కూడా చెప్పింది.