పాతపట్నం కోడలికి అప్పెవరిస్తారు?

ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో జాకెట్లు కుట్టే దుకాణం. నాలుగు మోటారు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషను కొనడానికి నది అవతల ఆంధ్రలోని పాతపట్నం నుంచి కోడలిగా వచ్చిన మరదలు లక్షన్నర అప్పు అడిగితే, బ్యాంకువారు "మీ ఆయన పేరున అయితే చూద్దాం" అన్నారు. ఆ సాయంత్రం ఇనుప సామాన్ల కొట్టు కట్టేసి బావగారు వచ్చారు.

బావగారు: ఈ రోజుల్లో ఆడవాళ్లకు అప్పు పుట్టదంటే నేను నమ్మనమ్మా. చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్ర రుణాలు తీసుకున్న ప్రతి పదిమందిలో దాదాపు ఏడుగురు ఆడవాళ్లే. ఒడిశాలో ఆడవాళ్ల పొదుపు సంఘాల కోసం మిషన్ శక్తి 2001 నుంచీ ఉంది. నన్ను పిలిచి ఇచ్చినవాడు ఒక్కడూ లేడు.

మరదలు: ఆ ఏడుగురూ ఎంతెంత తీసుకున్నారో కూడా చెప్పండి బావగారూ. ముద్ర ఖాతాల్లో ఎక్కువ భాగం శిశు రుణాలే, అంటే 50,000 లోపు. దానితో ఒక మిషను వస్తుంది, దుకాణం పెరగదు. ఆడవాళ్ల కోసమంటూ 2016లో వచ్చిన స్టాండప్ ఇండియా పథకంలో అప్పు 10 లక్షల దగ్గర మొదలైంది. నా అవసరం ఈ రెండింటికీ నడుమ.

బావగారు: నడుమ ముద్రలోనే కిశోర్ రుణం ఉందిగా, 5 లక్షల దాకా.

మరదలు: అడిగింది అందులోనే. చిన్న వ్యాపారాలకు ఇంతపాటి అప్పుకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నియమం. అందుకని తాకట్టు అనలేదు, "తెలిసిన మనిషి" కావాలన్నారు.

బావగారు: వాళ్ల భయం వాళ్లది. మహేంద్రతనయ నది దాటితే వేరే రాష్ట్రం. రేపు నువ్వు పుట్టింటికి వెళ్లిపోతే వసూలుకు ఎక్కడికి వస్తారు? బయటి నుంచి వచ్చినవారికి ఈ ఇబ్బంది ఎక్కడైనా ఉంటుంది. ఇందులో ఆడా మగా తేడా ఏముంది?

మరదలు: మూడేళ్ల క్రితం అత్తయ్యగారికి పక్షవాతం వచ్చినప్పుడు మీ తమ్ముడూ నేనూ ఒకే ఆటోలో నది దాటాం. ఆయన సొంతూరికి వచ్చినట్టు, నేను వలస వచ్చినట్టు! (సంచిలోంచి చివర్లు మడతపడిన పుస్తకం తీసింది.) డ్వాక్రా సంఘంలో ఎనిమిదేళ్ల పొదుపు, ఒక్క వాయిదా తప్పలేదు. కానీ బ్యాంకు అప్పు సంఘం పేరున తీసుకున్నది, తీర్చిన పేరూ సంఘానిదే. ఈ ఒడ్డున నేను మళ్లీ మొదటి నెల పొదుపు దగ్గర మొదలుపెట్టాలి.

బావగారు: మా నాన్న టెక్కలి నుంచి వచ్చినప్పుడు ఆయనకు మాత్రం ఏ బ్యాంకు ఇచ్చింది?

మరదలు: బ్యాంకు ఇవ్వలేదు. విజయనగరం హోల్‌సేల్ కొట్టు రెండు నెలల అరువు మీద మేకులూ గొళ్లేలూ పంపింది. ఇప్పటికీ మీకు పంపుతోంది. అది అప్పు కాదా? అక్కడ బట్టల కొట్టుకు నేను వెళ్లి లైనింగు గుడ్డ అరువడిగితే, మీ ఆయనను తీసుకురమ్మన్నారు.

(బావగారి దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు మాత్రం గొంతు సవరించుకున్నారు.)

బావగారు: ఆ అరువు ఊరికే రాలేదు. గోదాములో నీళ్లు చేరి సరుకు తుప్పుపట్టిన ఏడాది కూడా నాన్న బాకీ కట్టారు.

మరదలు: నేనూ కట్టాను. ఇందులో రాసి ఉంది.

బావగారు: సరే, జామీను సంతకం నేను పెడతాను. అప్పు తమ్ముడి పేరున తీసుకోండి, పని తొందరగా అవుతుంది.

మరదలు: సంతకం పెట్టండి. అప్పు మాత్రం నా పేరునే. లేకపోతే నేను తీర్చిందంతా మళ్లీ ఇంకొకరి ఖాతాలోకి పోతుంది.

బావగారు: వాడేమంటాడో.

మరదలు: పొద్దున్నే అడిగాను. అన్ని మిషన్లకు ఈ కరెంటు మీటరు సరిపోతుందా అన్నారు, అంతే.