టోబోటు లాగదు, నెడుతుంది. పాతికేళ్లకే తుక్కూ కాదు

"మిసిసిపీ నదిలో టోబోటు బార్జీలను తాళ్లతో లాక్కెళ్తుంది. పదిహేను బార్జీలున్నా లాకులన్నీ ఒక్క విడతలో దాటేస్తుంది. పాతికేళ్లు నిండగానే తుక్కుకు పోతుంది." ఈ మధ్య చాలామంది పంచుకుంటున్న మాటలివి. మూడూ తప్పే. బార్జీలంటే సరుకు మోసే, ఇంజన్ లేని చదును పడవలు. వాటిని నడిపే ఇంజన్ పడవే టోబోటు. నీటి మట్టం మారే చోట పడవలను ఎక్కించి దించే, గేట్లున్న గది లాకు.

లాగడం సంగతి. టోబోటు ముక్కు చదునుగా ఉంటుంది. దానికి నిలువుగా బిగించిన ఉక్కు దన్నులను బార్జీలకు ఆనించి నెడుతుంది. తాడు కట్టి లాగితే మలుపులో వెనక బార్జీలు ప్రవాహానికి ఒడ్డు మీదికి కొట్టుకుపోతాయి, ఆపే దారి ఉండదు. అందుకే ఉక్కు వైర్లు, వాటిని బిగించే రాచెట్లతో బార్జీలన్నిటినీ ఒకే పలకలా బిగిస్తారు. ప్రొపెల్లర్లకు వెనకే కాదు, ముందు కూడా చుక్కానులుంటాయి. దిగువకు పోతూ ఇంజన్ రివర్స్‌లో పెట్టినప్పుడు పడవను తిప్పేవి ఆ ముందువే. వైరు వదులైతే బార్జీ ఊగుతుంది, ఊగినప్పుడల్లా ఒక్క కుదుపుతో వైరును గుంజుతుంది. ఒకటి తెగితే భారమంతా పక్కదాని మీద పడుతుంది, అక్కడి నుంచి మొత్తం విడిపోవచ్చు. తెగిన వైరు కాలు విరిచేస్తుంది కాబట్టి బిగించేవాళ్లు దాని వరసలో నిలబడకూడదు.

లాకుల లెక్క చూడండి. ఒక్కో బార్జీ 195 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు. మూడు వరసల్లో అయిదేసి పెడితే 975 అడుగులు, పడవ పొడవు అదనం. ఎగువ మిసిసిపీలో చాలా లాకుల పొడవు 600 అడుగులే. కనుక ముందు తొమ్మిది బార్జీలను (585 అడుగులు) విడదీసి లోపలికి నెట్టి, పడవ వెనక్కి తప్పుకుంటుంది. వాటిని లాకు దగ్గరి విన్చ్ (తాడు చుట్టి లాగే యంత్రం) బయటికి లాగుతుంది. తర్వాత మిగిలిన ఆరింటితో పడవ వస్తుంది, అవతల అన్నిటినీ మళ్లీ వైర్లతో కలుపుతారు. లాకు వెడల్పు 110 అడుగుల్లో మూడు బార్జీలకు 105 పోగా అటూ ఇటూ రెండున్నర అడుగులే ఖాళీ. సెయింట్ లూయీస్ దిగువన లాకులే లేవు, అక్కడ ముప్పై పైచిలుకు బార్జీలు ఒకేసారి నడుస్తాయి.

ఇక ఆయుష్షు. మంచినీటిలో ఉక్కు ఉప్పునీటిలో కంటే నెమ్మదిగా తుప్పు పడుతుంది. మంచినీటి టోబోటును అమెరికా కోస్ట్‌గార్డ్ నిబంధన ప్రకారం అయిదేళ్లకు కనీసం ఒకసారి, నీటి నుంచి బయటికి తీసి మరమ్మతు చేసే డ్రైడాక్‌కు ఎక్కిస్తారు. పలచబడిన రేకులు కోసి కొత్తవి వెల్డింగ్ చేస్తారు, అవసరమైతే ఇంజన్లూ మారుస్తారు. వయసును బట్టి కాదు, మరమ్మతు ఖర్చును బట్టే తుక్కు నిర్ణయం. 1927లో కట్టిన ఆవిరి టోబోటు జార్జ్ ఎం. వెరిటీ 1960 దాకా పనిచేసి, ఇప్పుడు అయోవాలోని కియోకక్‌లో మ్యూజియంగా ఉంది. 1901 నాటి స్ప్రేగ్ అనే టోబోటు 1948 దాకా నడిచి, విక్స్‌బర్గ్‌లో మ్యూజియం అయి, 1974లో తగలబడింది.